మూడో మడత

లాండ్రీ క్వార్టర్లు
ఆదివారం

బుల్లీ,

నీ ఉత్తరం అందింది. కవరు చించగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. "మీ చెల్లి కాగితం కూడా ఉతికి పంపిస్తోందే!" అని మీ బావ ఒకటే నవ్వు. హాస్టల్లో తిండి బాగుందని రాశావు, నేను నమ్మను. బాగుంటే అంత పొడుగు ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్కతో సరిపెట్టవు. వార్డెన్ గది ఫోనులో మాట్లాడితే హాస్టలంతా చెవులు రిక్కిస్తుందన్నావు కాబట్టి, అన్నీ ఉత్తరంలోనే రాయి. దాచకు.

మీ బావ సూపర్‌వైజరయ్యారు. నడుముకు తాళాల గుత్తి వేలాడుతోంది. స్టోరు గది, సబ్బుల గది, నేను కుట్టిన పాత దుప్పట్లు పెట్టే బీరువా, అన్నింటి తాళాలూ ఆయన దగ్గరే. నడిస్తే గల్లుగల్లుమంటాయి. "గజ్జెల ఎద్దు వస్తోంది, పని చేస్తున్నట్టు కనబడండర్రా" అని మా కుట్టు గది ఆడవాళ్ళ వేళాకోళం. ఆయన వింటారు, నవ్వుతారు. సంఘం ఉపాధ్యక్షుడు కూడా ఆయనే కదా, కోపం తెచ్చుకుంటే కుదరదు.

అసలు సంగతికి వస్తాను. మునిసిపల్ ఎన్నికలు వస్తున్నాయి. ఆసుపత్రి మునిసిపాలిటీది, మన లాండ్రీ ఆసుపత్రిది. కొత్త కౌన్సిల్ మన లాండ్రీని మూసేసి దుప్పట్లన్నీ బయటి కంపెనీకి ఇచ్చేస్తుందని పుకారు పుట్టింది. నిప్పు లేనిదే పొగ రాదు. మూసేస్తే నా పని, మీ బావ పని, ఈ క్వార్టరు, అన్నీ ఒకేసారి పోతాయి. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? మన వార్డులో సగం ఓట్లు లాండ్రీవాళ్ళవీ వాళ్ళ ఇళ్ళవాళ్ళవీ. అందుకని సంఘం ఒక తీర్మానం చేసింది. ఓటు అడగడానికి ఎవరొచ్చినా ముందు మన హాలుకు రావాలి, వచ్చి మనతో కలిసి దుప్పటి మడవాలి.

నవ్వకు. ఇది ప్రెసిడెంటు తాత ఆలోచన. బాయిలర్ దగ్గర చేసి చేసి ఆయనకు చెవులు పోయాయి గానీ బుర్ర పోలేదు. "మైకిస్తే ఎవడైనా మాట్లాడతాడు. మైకు లాక్కుని చేతికి దుప్పటియ్యండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. పెద్ద దుప్పటిని ఒక్కరే మడవలేరు కదా. ఒక వైపు అభ్యర్థి, ఇంకో వైపు మన సభ్యురాలు. ఆమె ప్రశ్న అడుగుతుంది. జవాబు నిజమనిపిస్తే ముందుకొచ్చి మడత వేస్తుంది. అనిపించకపోతే కదలదు, దుప్పటి అలా చాచే ఉంటుంది. మూడు ప్రశ్నలు, మూడు మడతలు. మూడో మడతకు చేతికి చేయి తగులుతుంది. అంతదాకా వచ్చినవాళ్ళలోంచే చేతులెత్తి ఒకరిని ఎంచుకుంటాం.

నువ్వుంటే ఆ పని నీకే ఇచ్చేవాళ్ళు. మీ టెంపరరీ వాళ్ళందరినీ తీసేశాక మడత బల్ల దగ్గర నా ఎదుటి జాగాలో ఎవరినీ వేయలేదు. నేనే ఈ కొసకూ ఆ కొసకూ తిరుగుతూ మడుస్తున్నాను, దయ్యం పట్టినదానిలా.

నీ అక్క


ఆడవాళ్ళ హాస్టల్, పై అంతస్తు
బుధవారం

అక్కా,

సరే, నిజం రాస్తున్నాను. కూరలో నీళ్ళు పోస్తారో నీళ్ళలో కూర వేస్తారో తెలియదు. తృప్తేనా?

మీ దుప్పటి పరీక్ష గురించి మా గదిలో చదివి వినిపించాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "మా ఇంటాయన్ని కూడా ఓసారి పంపిస్తాను, మడిచి పంపండి" అంది మా గదిలో ఒకావిడ.

ఇక్కడ మా కంపెనీలో మడత కూడా యంత్రమే వేస్తుంది. ఇటు తడి దుప్పటి పెడితే అటు ఇస్త్రీ అయి, మడతపడి వస్తుంది. ఎదురుగా మనిషి అక్కర్లేదు. మాట్లాడే పనీ లేదు. అన్నీ హోటళ్ళ దుప్పట్లే, తెల్లగా, కొత్తగా. చిరిగితే కుట్టరు, పారేస్తారు. మొన్న ఒకదాని మూల చిరిగితే అలవాటు కొద్దీ సూది కోసం వెతికాను. నీలం దారం, అమ్మ నేర్పిన కుట్టు, చివర రెండు ముళ్ళు, వాటి మీద ఇంటూ గుర్తు. నాకెప్పుడూ ఆ ఇంటూ వంకరే, నీకు తప్ప ఎవరికీ కుదరదు. మా మేస్త్రీ చూసి, "అమ్మాయ్, ఇది లాండ్రీనా, దర్జీ కొట్టా?" అన్నాడు.

కొత్త షెడ్డు కట్టారు. ఏదో పెద్ద ఆర్డరు రాబోతోందట. అది వస్తే మమ్మల్నందరినీ పర్మనెంటు చేస్తారట. ఎవరి ఆర్డరని నేను అడగలేదు. అడిగితే ఉన్నది ఊడుతుందేమోనని భయం. పర్మనెంటైతే ఈ హాస్టల్ వదిలి ఓ గది తీసుకుంటాను. అక్కా, ఎన్నాళ్ళకు నా పేరు పక్కన టెంపరరీ అన్న మాట పోతుందో.

బావకు చెప్పు, కాగితం ఉతకలేదు, ఇస్త్రీ మాత్రం చేశానని.

బుల్లి


లాండ్రీ క్వార్టర్లు
శనివారం

బుల్లీ,

మొదట నవ్వే సంగతి రాసి, తర్వాత నోరెళ్ళబెట్టే సంగతి రాస్తాను.

మొన్న హాల్లో మడతలు జరిగాయి. మొదట రిటైర్డు మాస్టారు వచ్చారు. దుప్పటి పట్టుకుని కూడా పాఠమే చెప్పారు. "లాండ్రీ మూయనివ్వనని రాసిస్తారా?" అని సంఘం తరఫున రెండో కొస పట్టిన బాయిలర్ చెల్లెమ్మ అడిగితే, "ఈ సమస్యను మనం సమగ్రంగా పరిశీలించాలి" అన్నారు. ఆమె కదల్లేదు. ఆయన పరిశీలిస్తూనే ఉన్నారు. చివరికి చేతులు లాగుతున్నాయని ఆయనే దుప్పటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

తర్వాత వీధి చివర సబ్బుల షాపావిడ. నీకు గుర్తుందా, చిల్లర లేదని ఎప్పుడూ షాంపూ ప్యాకెట్టు చేతిలో పెట్టేది? కంగారులో దుప్పటి రెండుసార్లు కింద పడేసింది. హాలంతా గొల్లుమంది. రెండు మడతలు పడ్డాయి. మూడో ప్రశ్నకు, "కౌన్సిల్లో నేనొక్కదాన్నే ఉంటే ఏం చేయగలనో నాకు తెలీదమ్మా. మూసే కాగితం మీద మాత్రం నా సంతకం ఉండదు" అంది. అది విని బాయిలర్ చెల్లెమ్మ మడత వేసింది. తెలీదన్న అభ్యర్థిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇక ఆవిడకే మా ఓట్లనుకుంటుండగా తాత లేచాడు. "బయటివాళ్ళను దేబిరించడం దేనికి? మన మనిషినే నిలబెడదాం" అని మీ బావ పేరు చెప్పాడు. ఇంట్లో ఒక్క మాటైనా అనలేదు ఈ మనిషి. నామినేషన్ కాగితాలు కూడా జేబులో సిద్ధం. కుట్టు గదివాళ్ళు కూర్చున్న మూల నుంచి ఎవరో, "మరి ఈయన దుప్పటి మడవక్కర్లేదా?" అని అరిచారు. తాత నవ్వి, "ఇంటి మనిషికి పరీక్షేంట్రా? ముప్పై ఏళ్ళుగా మనతోనే మడుస్తున్నాడు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను అందరికన్నా గట్టిగా కొట్టాను.

ఇంటికొచ్చాక నిలదీశాను. "ముందే చెబితే వద్దంటావని" అన్నారు. అనేదాన్నే. కానీ ఇప్పుడు చూడు, ఇంటింటికీ తిరుగుతున్నాను. మా ఆయనకు ఓటెయ్యండి, లాండ్రీ నిలబడుతుందని చెబుతుంటే గొంతు బొంగురుపోయింది. బుల్లీ, చాలా రోజుల తర్వాత నాకు ధైర్యంగా ఉంది.

అక్క


ఆడవాళ్ళ హాస్టల్
సోమవారం

అక్కా,

బావ అభ్యర్థా! నీ ఉత్తరం చదివి మంచం మీద ఎగిరి గంతేస్తే కింది గదివాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు. నేను అక్కడ లేనే! ఉంటే నీ వెనకే జెండా పట్టుకుని తిరిగేదాన్ని. బావకు చెప్పు, గెలిచాక తాళాల గుత్తి తీసి కౌన్సిల్ బల్ల మీద ఠపీమని పెట్టి మాట్లాడాలని. ఇక్కడ కూడా

గురువారం

అక్కా, పైన రాసింది సోమవారం నాటిది. సగంలో పనికి పిలిచారు. ఆ తర్వాత మూడు రోజులు నేను కలం పట్టలేదు.

ఆ పెద్ద ఆర్డరు తాలూకు శాంపిల్ లోడు వచ్చింది. ఉతికి చూపించడానికట. అవి హోటల్ దుప్పట్లు కావు, ఆసుపత్రివి. ఎన్నిసార్లు ఉతికినా పోని ఆ పసుపు మందు మరకలు నాకు తెలియవా? ముద్ర ఉన్న అంచులన్నీ నీటుగా కత్తిరించి ఉన్నాయి. ఏ ఆసుపత్రో తెలియకూడదని. పాతవి, కుట్టినవి ఏరి పంపారు, పోయినా ఎవరూ వెతకరని కాబోలు. యంత్రంలో పెట్టబోతూ ఒకదాని మూల చేతికి తగిలింది. నీలం దారం. రెండు ముళ్ళు. వాటి మీద ఇంటూ, తిన్నగా.

అక్కా, అది నీ కుట్టు.

తర్వాత వరసగా చూశాను. పది దుప్పట్లు తీస్తే ఆరింటి మీద నీ చేయి ఉంది. ఓట్లు ఇంకా పడనే లేదు, కౌన్సిల్ కూర్చోనే లేదు, మన దుప్పట్లు అప్పుడే ఇక్కడికి వచ్చేశాయి! కొత్త షెడ్డు మన కోసమే కట్టారు. నేను పర్మనెంటయ్యేది నీ పని పోతేనే. మూడు రోజులు నేను ఎందుకు ఆగానో నీకు అర్థమై ఉంటుంది. ఆగినందుకు తిట్టు, పడతాను.

ఆ మూల కత్తిరించి ఇందులో పెడుతున్నాను. వెంటనే బావకు చూపించు. ఈ ముక్క పట్టుకుని సభలో లేచారంటే, మోసం చేసినవాడు ఎవడైనా సరే, వార్డంతా బావ వెనక నిలబడుతుంది. ముందు ఆ దొంగెవరో బావే పట్టుకోవాలి.

బుల్లి


కుట్టు గది
శనివారం

బుల్లీ,

కుట్టు నాదే. ఆ దుప్పటి కుట్టిన రోజు కూడా గుర్తుంది.

కుట్టిన దుప్పట్లు పెట్టే బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందని నేను నీకు రాశాను?




ఆడవాళ్ళ హాస్టల్
మంగళవారం

అక్కా,

కాదు. కాదక్కా. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఎవరైనా ఆయనకు తెలియకుండా తాళం తీసి ఉండొచ్చు. మారు తాళం చేయించి ఉండొచ్చు. నా మొదటి జీతం రాకముందు హాస్టల్ అడ్వాన్సు కట్టిన మనిషి, బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నడిచిన మనిషి. నేను నమ్మను. దొంగను బావే పట్టుకోవాలని రాసింది నేనే.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ముందు ఇంట్లో అడుగు. తలుపు వేసి అడుగు. నలుగురిలో పెట్టావంటే ఒకవేళ ఆయన తప్పు లేకపోయినా ఆ మాట మిగిలిపోతుంది. ఉందనుకో, నీ సంసారం ఏం కాను? నేను ఆ ముక్క పంపకుండా ఉండాల్సింది.

బుల్లి


లాండ్రీ క్వార్టర్లు
ఆదివారం

బుల్లీ,

ఇంట్లో అడగలేదు. అడగాలని రెండుసార్లు తలుపు వేశాను. ఆయన, "ఏంటి, ఒంట్లో బాలేదా?" అన్నారు. ఆ గొంతు వింటే, ఆయన ఏం చెప్పినా నమ్మేస్తానని తెలిసిపోయింది. నేను నమ్మితే సరిపోదు కదా. గడప గడపకూ వెళ్ళి నా నోటితో ఓటడిగాను. వాళ్ళందరూ నన్ను చూసి నమ్మారు.

నువ్వు పంపిన మూలను కుట్టు గదిలో ఒక మామూలు దుప్పటికి కుట్టాను, నీలం దారంతోనే. చివరి సభలో తాత దగ్గరికి వెళ్ళి, అభ్యర్థులందరూ మడిచారు, ఈయనా మడవాలి అన్నాను. ఎదురుగా నేనే నిలబడతానన్నాను. హాలంతా ఒకటే నవ్వు. "ఇంట్లో చాలదా ఏంటమ్మా?" అని ఎవరో అరిచారు. మీ బావ కూడా నవ్వుతూనే వచ్చి పట్టుకున్నారు. ఆ మూల ఆయన కుడి చేతిలోకి వచ్చేలా ఇచ్చాను.

"అభ్యర్థి గారూ, కుట్టిన దుప్పట్ల బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే, ఇదిగో" అని నడుము గలగలలాడించారు. మళ్ళీ నవ్వులు. నిజమే చెప్పారు కాబట్టి మొదటి మడత వేశాను.

"మీ కుడి చేతిలో ఉన్న మూల కుట్టింది ఎవరు?"

చూశారు. వేలితో తడిమారు. అతుకు కనబడింది. నవ్వు పోయింది. "నువ్వే" అన్నారు. అదీ నిజమే. రెండో మడత వేశాను. మా మధ్య ఇంక ఒక్క అడుగే మిగిలింది.

"బీరువాలో ఉండాల్సిన ఈ మూల, బయటి ఊళ్ళో కంపెనీ యంత్రం దగ్గరికి ఎలా వెళ్ళింది?"

బుల్లీ, ఆయన అబద్ధమాడతారనే అనుకున్నాను. ఎవరో దొంగిలించారంటే చాలు. సగం మంది నమ్మేవారు, నేనూ ఆ సగంలోనే ఉండేదాన్నేమో. కానీ ఆయన నా కళ్ళలోకి చూసి, హాలులో వేరే ఎవరూ లేనట్టు, మెల్లగా అన్నారు.

"నేనే తీసిచ్చాను. ఎలాగూ పోతుందే ఈ లాండ్రీ. పాత కౌన్సిల్ ఎప్పుడో మాటిచ్చేసింది. నేను గెలిచి నోరు మూసుకుంటే మనవాళ్ళలో కొందరిని అక్కడ పెట్టుకుంటామన్నారు కంపెనీవాళ్ళు. ఆ కొందరిలో మొదటి పేరు నీదే చెప్పాను."

నా కోసమేనట! ఎదురుగా బెంచీ మీద కుట్టు గది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఎవరి పేరు ఉందో, ఎవరిది లేదో వాళ్ళకు తెలియదు. ఒక్కొక్కరే ముఖం తిప్పి నా వైపు చూశారు, ఆయన వైపు కాదు. నాకు ముందే తెలుసేమోనని. అది చూశాక నాకు ఏడుపు కూడా రాలేదు.

మూడో మడత వేయలేదు. దుప్పటి చాచి అలాగే నిలబడ్డాం. తాతకు వినబడక, "ఏమన్నాడు? ఏమన్నాడ్రా?" అని అడుగుతున్నాడు. చివరికి బాయిలర్ చెల్లెమ్మ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అలా ఆ మాట హాలంతా రెండోసారి విన్నది. తాత కుర్చీలో కూలబడిపోయి, "పరీక్ష వద్దన్నది నేనే" అని ఒక్క మాట అన్నాడు.

చేతులెత్తమన్నారు. నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది, పేరు బ్యాలట్టులో ఉంటుంది. సంఘం మద్దతు మాత్రం సబ్బుల షాపావిడకు. కంచే చేను మేసిందని తాత ఏడుస్తుంటే అందరూ చేతులెత్తారు. చివరిగా లేచిన చేయి నాది.

అక్క


ఆడవాళ్ళ హాస్టల్
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్ని వారాలు పట్టింది. హాల్లో నువ్వు ఒక్కదానివే దుప్పటి పట్టుకుని నిలబడినట్టు కలలోకి వస్తోంది. నువ్వు చేసింది తప్పని నేను అనలేను, ఒప్పని కూడా నా నోట రావడం లేదు.

సబ్బుల షాపావిడ గెలిచిందని పేపర్లో చూశాను. మొదటి సమావేశంలోనే లాండ్రీ కాంట్రాక్టు వాయిదా వేయించిందట కదా. మంచిదే.

నా గురించి దిగులు పడకు. నా ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. మాకు హోటళ్ళ పని బోలెడు. తిండి కూడా ఇప్పుడు కాస్త మెరుగు. బావ ఎలా ఉన్నారని అడగొచ్చో లేదో తెలియదు. అడుగుతున్నాను.

బుల్లి


లాండ్రీ క్వార్టర్లు
ఆదివారం

బుల్లీ,

నీ కవరు చించాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బ్లీచింగ్ వాసన లేదు, కాగితానికి కాగితం వాసన మాత్రమే ఉంది.

ఎప్పుడు తీసేశారే నిన్ను?

నాకు అబద్ధం రాయకు. మూల కత్తిరించిన దుప్పటి దొరికి ఉంటుంది. ఎవరు చేశారని అడిగి ఉంటారు. నింద వేరే పిల్ల మీదకు వెళ్తుంటే నువ్వు ఓర్చుకోలేక నేనేనని చెప్పి ఉంటావు. నిన్ను నేనే పెంచాను, ఆ మాత్రం తెలియదా? నా పని నిలబడిందని ఇక్కడ అందరూ నా చేతులు పట్టుకుని ఊపుతున్నారు. నీ పని పోయి నిలబడిందని ఒక్కరికీ తెలియదు. అంతా అయిపోయింది, ఇంక ఉలిక్కిపడడానికి ఏమీ లేదనుకున్నాను చూడు.

మీ బావ సంగతి అడిగావు. తాళాల గుత్తి ఆయనే ఆఫీసులో ఇచ్చేశారు. ఇప్పుడు ఉతుకు గదిలో తొట్ల దగ్గర చేస్తున్నారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ పలకరించనూ లేదు. ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ గల్లుగల్లు ఇంత అలవాటైందని నాకే తెలియదు.

ఈ పొద్దున డాబా మీద మా ఇంటి దుప్పటి ఆరితే తీసుకొచ్చి, ఒక కొస పట్టుకుని నా ముందు నిలబడ్డారు. నేను రెండో కొస పట్టుకున్నాను. మొదటి మడత వేశాను. రెండోది వేశాను. అప్పుడు, "నీ పేరొక్కటే చెప్పాల్సింది కాదు" అన్నారు.

ఒక్కటేనా! కొందరన్నారు, మొదటి పేరు నీదన్నారు. రెండో పేరు లేదన్నమాట. హాల్లో అంతమంది ముందు, నా కళ్ళలోకి చూస్తూ చెప్పిన ఆ నిజంలో కూడా ఇంకో అబద్ధం ఉంది. బుల్లీ, మూడో మడత వేయలేదు. అలాగే నిలబడిపోయాం. చేతులు లాగేసరికి దుప్పటి విప్పి, మళ్ళీ తీగ మీద వేసి ఎవరి పనికి వాళ్ళం వెళ్ళాం.

తీసేసిన టెంపరరీలను వెనక్కి పిలవాలని సంఘం అడుగుతోంది. జవాబు రాలేదు. వచ్చేదాకా నా కంచంలో తిను. మొదటి బస్సుకే బయల్దేరు, వార్డెన్‌కు చెప్పాల్సింది చెప్పు. మడత బల్ల దగ్గర నా ఎదుటి జాగాలో ఇంకా ఎవరూ లేరు.

ఆ దుప్పటి తీగ మీదే ఉంది. నువ్వొచ్చాక మడుద్దాం.

అక్క